పెట్టెలు సర్దుకున్న రోజు

కారు గేటు బయటే ఆగింది. పిచ్చేశ్వరరావుగారి కారు ఎప్పుడూ మెట్ల దాకా వస్తుంది. హారన్ కొడుతుంది, పిల్లలంతా పరుగున వచ్చి చుట్టూ మూగితేగాని దాని తలుపు తెరుచుకోదు. ఈసారి మాత్రం ఒక పిల్లని గేటు దగ్గర దింపేసి, దొంగలా వెనక్కి తిరిగి, అవనిగడ్డ రోడ్డున పడి పోయింది.

దిగిన పిల్ల శ్రీదుర్గ. కుడిచేతిలో గుడ్డసంచీ ఉంది. ఎడమచెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా తెల్లటి కట్టులో ఉంది. ఆ చేతిని పొట్టకి ఆనించుకుని, ఎండలో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. వరండాలో నిలబడి ఉన్న సూపరింటెండెంట్ సత్యవేణి మెట్లు దిగి ఎదురెళ్లింది.

"ఏమైందే?"

"వంటింట్లో నూనె పడింది మేడమ్."

"ఎవరి వంటింట్లో?"

పిల్ల నేల చూపులు చూసింది. అప్పజెప్పాల్సిన పాఠం గుర్తు తెచ్చుకుంటున్నట్టు పెదాలు కదిపింది.

"మన వంటింట్లోనే. కృపక్క వంట చేస్తుంటే."

వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచీ ఈ ప్రాంగణంలో అడుగు పెట్టని పిల్ల, ఇక్కడి వంటింట్లో ఎలా కాలింది? సత్యవేణి ఆ ప్రశ్న అడగలేదు. అడగక్కర్లేకుండానే అర్థమైపోయింది. పిల్ల ఒళ్లు కాల్చింది ఒకళ్లు, ఆ పాపం ఇంకొకళ్ల నెత్తిన రుద్దడానికి ఆ పిల్ల నోటినే వాడుకుంటున్నారు.

దివిసీమలో ఉప్పెన వచ్చి ఊళ్లకి ఊళ్లు ఊడ్చుకుపోయిన తర్వాత, తల్లీతండ్రీ లేని ఆడపిల్లల కోసం పిచ్చేశ్వరరావుగారి తల్లి కట్టించిన ఇల్లు అది. సుభద్రమ్మగారి బాలికల నిలయం అంటే నాగాయలంక వైపు తెలియని వాళ్లుండరు. ఆ తల్లి పోయింది. నిలయం కొడుకు చేతికి వచ్చింది, రొయ్యల చెరువులూ రైసు మిల్లూ వచ్చినట్టే. ఇప్పుడక్కడ ఉండేది అనాథలు కాదు. చెరువు గట్ల మీద పాకల్లో కాపలా ఉండే వాళ్ల పిల్లలు, సముద్రం మీదికి పోయే వాళ్ల పిల్లలు, రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్ల పిల్లలు. అమ్మా నాన్నా ఉండి కూడా ఉండటానికి చోటు లేని పిల్లలు.

సెలవుల్లో వీళ్లెక్కడికి పోతారు? గట్టు మీద పాకలోకి వెళ్తే పాముల భయం. అందుకని పిచ్చేశ్వరరావుగారు ఒక ఉపాయం చేశారు. దానికి "కుటుంబ ఆదరణ" అని పేరు పెట్టారు. గుడివాడలోనో బెజవాడలోనో ఉన్న దాతల ఇళ్లకి పిల్లల్ని పంపిస్తారు. ఆ పిల్లలు అక్కడ అంట్లు తోముతారు, చంటిపిల్లల్ని ఎత్తుకుంటారు, ముసలమ్మల కాళ్లు పిసుకుతారు. చాకిరీ అనే మాటకి పెద్దవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఆదరణ.

ఇందులో ఒళ్లు మండే సంగతి ఇంకోటుంది. ఆ ఇళ్లకి పంపేది బుద్ధిమంతులైన పిల్లల్ని మాత్రమే. అదొక బహుమానం. ఏడాదంతా ఎదురు చెప్పని పిల్లల్ని సత్యవేణే ఏరి పంపేది. తల్లులు కూడా "మా పిల్ల గుడివాడ మేడలో ఉంది" అని షెడ్డులో గొప్పగా చెప్పుకునేవాళ్లు. పంపలేదని అలిగిన తల్లులున్నారు. శ్రీదుర్గ తల్లి నాంచారమ్మ కిందటేడు అలిగింది. ఈ ఏడు ఆవిడ కోరిక తీరింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా సత్యవేణిగారూ, పిల్ల చేరిందా?" పిచ్చేశ్వరరావుగారి గొంతులో ఎప్పుడూ తేనె కారుతుంటుంది. "చెయ్యి కాస్త చురుక్కుమంది, అంతే. మా మనవడి బారసాలకి ఇంట్లో బూరెలు వేస్తుంటే, నేనూ చేస్తానని సరదా పడింది. డాక్టర్ గారికి చూపించాం. బయటెవరన్నా అడిగితే నిలయంలోనే జరిగిందని చెబుదాం. ఆ వంటమనిషిని మాన్పించేయండి, పద్ధతిగా ఉంటుంది. ఏమంటారు?"

సత్యవేణి ఫోన్ పెట్టేసింది. "అలాగేనండీ" అనడం అలవాటైన నోరు ఆ మాట అననందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది. బందరులో బడిపంతులు దక్షిణామూర్తిగారి కూతురు. ఏ ఇబ్బందొచ్చినా ఒక అర్జీ రాస్తే పరిష్కారమవుతుందని నమ్మే ఇంట్లో పుట్టింది. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరి, ఈ పిల్లల మధ్యే బతుకుతోంది.

వంటింట్లోకి వెళ్లి కృపాకుమారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ అన్నం వారుస్తున్న గిన్నె దించి, చేతులు తుడుచుకుంది.

"సరదా పడిందంటనా?" అంది కృపాకుమారి. "నేనడిగితే నాకు చెప్పిందండీ పిల్ల. మరిగే మూకుడు దించమన్నారంట. పట్టకారు జారిందంట. పంతొమ్మిదేళ్ల పనోళ్లు చేసే పని పన్నెండేళ్ల పిల్ల చేత చేయించి, ఇప్పుడు నా మెడకి చుడతారా? నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లని నేను కాల్చానని ఊరంతా అనుకోవాలా?"

"నేను ఫోన్ చేస్తాను కృపా."

"ఎవరికండీ?"

"పిల్లల కోసం గవర్నమెంటు నంబరు ఒకటుంది కదా. ఆఫీసు గోడ మీద రాయించాం."

"దాని మీద అయ్యగారి ఫోటో క్యాలెండర్ తగిలించారుగా!" అని కృపాకుమారి నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

సత్యవేణి క్యాలెండర్ పక్కకి జరిపి, ఆ నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఉన్న అమ్మాయి అన్నీ శ్రద్ధగా విన్నది. "మీరు ధైర్యంగా ఉండండి మేడమ్, పిల్ల భద్రతే మాకు ముఖ్యం" అంది. ఆ మాటకి సత్యవేణికి కళ్లనీళ్లు తిరిగాయి. వ్యవస్థ ఉంది, మనం తలుపు తట్టాలంతే అనుకుంది.

తలుపు తట్టింది ఆవిడ. తెరుచుకున్నది మాత్రం పిచ్చేశ్వరరావుగారికి.

పిల్లల భద్రత చూసే గవర్నమెంటు కమిటీ నుంచి మధుసూదనరావుగారు వస్తున్నారని ముందే కబురొచ్చింది. అది వచ్చింది సత్యవేణికి కాదు, ట్రస్టుకి. ఆయన జీపు దిగేసరికి పిచ్చేశ్వరరావుగారు కొబ్బరిబోండాలతో సిద్ధంగా ఉన్నారు. పిల్లలు వరసగా నిలబడి స్వాగత గీతం పాడారు. కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని శ్రీదుర్గ కూడా పాడింది.

విచారణ ఆఫీసు గదిలో జరిగింది. పిచ్చేశ్వరరావుగారు తన కుర్చీలో తాను కూర్చునే ఉన్నారు. ఆయన్ని బయటికి వెళ్లమని ఎవరూ అనలేదు. అనాలని సత్యవేణికి అనిపించింది. కానీ తనకి ఉద్యోగమిచ్చిన మనిషిని, అధికారి ఎదుటే, ఆయన కుర్చీలోంచి లెమ్మనడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

"చెప్పమ్మా, ఎక్కడ కాలింది?" అన్నారు మధుసూదనరావుగారు.

శ్రీదుర్గ పిచ్చేశ్వరరావుగారి వంక చూసింది. సత్యవేణి వంక చూసింది. తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిన కృపాకుమారి వంక చూసింది.

"గుడివాడలో," అంది. "వీళ్లింట్లో. మూకుడు దించమన్నారు. కృపక్క తప్పేం లేదు."

ఇంతమంది పెద్దవాళ్లం భయపడి చచ్చాం, ఈ చిట్టితల్లి నిజం చెప్పేసింది అనుకుంది సత్యవేణి. పిచ్చేశ్వరరావుగారి మొహంలో మాత్రం రంగు మారలేదు. మధుసూదనరావుగారు ఏదో రాసుకుని, బోండాంలో నీళ్లు పూర్తిగా తాగి, తీర్పు చెప్పారు.

"పిల్ల ఇక్కడుంటే ఒత్తిడికి గురయ్యే అవకాశం ఉంది. భద్రత దృష్ట్యా వేరే హోముకి మార్చాలి. ఇవాళే తీసుకెళ్తాను. పెట్టె సర్దించండి."

ఆ నిలయంలో ప్రతి పిల్లకీ ఒక రేకు పెట్టె ఉంటుంది. మూత మీద పేరు, ఒక పువ్వు బొమ్మ. పిల్లల మధ్య ఆ పెట్టెల గురించి ఒక లెక్క ఉంది. ఆస్పత్రికో, సెలవులకో వెళ్లేవాళ్లు గుడ్డసంచీతో వెళ్తారు. వాళ్లు తిరిగొస్తారు. పెట్టెతో వెళ్లినవాళ్లు మాత్రం రారు. అందుకే ఎవరు బండెక్కినా పిల్లలు ముందు చూసేది చేతుల వైపే.

శ్రీదుర్గకి ఒంటిచేత్తో సర్దుకోవడం చేతకాక, సత్యవేణే పెట్టె సర్దింది. గౌన్లు మడిచింది, దువ్వెన పెట్టింది. గడియ వేస్తుంటే పిల్ల అడిగింది.

"నేను నిజమే చెప్పాను కదా మేడమ్. మరి నన్నెందుకు పంపించేస్తున్నారు?"

సత్యవేణి పెట్టెని ఎత్తి గుమ్మం దగ్గర పెట్టింది. తప్పు చేసినవాడు కుర్చీలో ఉంటే, నిజం చెప్పిన పిల్ల పెట్టె మోసుకుని ఊరు దాటాలి. దీన్ని భద్రత అంటారు మన కాగితాల భాషలో.

ఆ సాయంత్రమే కృపాకుమారిని పనిలోంచి తీసేశారు.

శ్రీదుర్గ వెళ్లిపోయిన తర్వాత నిలయంలో పిల్లలంతా నోరు విప్పడం మానేశారు. పాఠం బాగా వంటబట్టింది వాళ్లకి. నిజం చెబితే పెట్టె సర్దుతారు. జ్వరమొచ్చినా చెప్పరు, దెబ్బ తగిలినా చెప్పరు. సత్యవేణి దగ్గరికి వస్తే మాటలు ఆపేస్తారు. ఆవిడ చేసిన ఫోన్ వల్లే శ్రీదుర్గ పోయిందని వాళ్లకి తెలుసు. అన్నిటికన్నా ఆవిడని కోసేసింది అదే.

నాంచారమ్మకి కూతురి సంగతి తెలిసింది రెండో ఆదివారం చూడ్డానికి వచ్చినప్పుడే. తల్లులకి గేటు తీసేది నెలకి ఆ ఒక్క రోజే.

"యాడికి పంపారండీ నా పిల్లని?"

"చెప్పలేదు నాంచారమ్మా. నేనూ అడిగాను. భద్రత కోసం చెప్పకూడదట."

"ఎవరి నుంచి భద్రతండీ? నా నుంచా?" నాంచారమ్మ గేటు ఊచ పట్టుకుని ఊపేసింది. "కన్నదాన్ని నేను! నేను తింటానా దాన్ని? కాల్చినోడి పేరేమో అందరికీ తెలుసు, కాలిన పిల్ల యాడుందో మాత్రం ఎవరికీ తెలీకూడదంటనా!"

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ రొయ్యల షెడ్డు వెనక నీడలో తల్లులు కూడారు. ఐసు నీళ్లలో నాని తెల్లగా పాలిపోయిన వేళ్లతో అన్నం కలుపుకుంటూ వాదించుకున్నారు. నాంచారమ్మ వెంట సత్యవేణి కూడా వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. ఆ షెడ్డు పిచ్చేశ్వరరావుగారిదే. వాళ్ల మొగుళ్లు కాపలా కాసే చెరువులూ ఆయనవే. పిల్లలు తినే అన్నం ఆయన పేరు మీదే. ఒక మనిషి గుప్పిట్లో ఇంతమంది బతుకులు ఎలా ఇరుక్కున్నాయో సత్యవేణికి అక్కడ నేల మీద కూర్చున్నాక గాని తెలియలేదు.

"నోరు మూసుకునుంటే పిల్లలకి మూడు పూట్లా తిండన్నా దొరుకుద్ది," అంది ఒకావిడ. "గోల చేస్తే మన పిల్లల్ని కూడా పంపించేస్తారు."

"మన పిల్లల్ని పంపమని కాళ్లావేళ్లా పడింది మనమే కదటే!" అంది ఇంకొకావిడ. "మేడలో ఉంటారని మురిసిపోయాం. నా పిల్ల పోయినేడు వచ్చి, కాళ్లు నొప్పులమ్మా అంటే, సుఖం ఎక్కువై నడక మర్చిపోయావా అని నేనే నవ్వాను."

తమ పిల్లలు చెప్పిన చిన్న చిన్న మాటలన్నీ ఇప్పుడు అందరికీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

యూనియన్ నాయకుడు శామ్యూల్ రాజ్ లేచాడు. మంచివాడే, పోలీసు దెబ్బలు తిన్నవాడే. కాకపోతే మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. "మిత్రులారా! ఇది ఒక్క పిల్ల సమస్య కాదు. ఇది దోపిడీ వ్యవస్థ..."

"వ్యవస్థ సంగతి తర్వాత చెబుదురు గాని," నాంచారమ్మ అడ్డుపడింది, "నా పిల్ల యాడుందో కనుక్కునే దారి చెప్పు రాజన్నా ముందు."

శామ్యూల్ రాజ్ తెల్లబోయి, కూర్చుని, "బందరు పోదాం," అన్నాడు మామూలు గొంతుతో. "అందరం కలిసి పోదాం."

అర్జీలు తీసుకునే సోమవారం బస్సెక్కి అందరూ బందరు వెళ్లారు. ఒక గదిలో అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. రెండో గదిలో ఇది మా శాఖ కాదన్నారు. మూడో గదిలో వాళ్లు పిల్లల కమిటీనే అడగమన్నారు. పిల్లల కమిటీ గదిలో మధుసూదనరావుగారే ఉన్నారు. "తల్లి చదువుకోలేదు, సరే. మీరైనా నిబంధనలు తెలుసుకోవద్దా?" అని సత్యవేణిని మందలించారు. విచారణ నడుస్తోంది, అది పూర్తయ్యే వరకూ వివరాలు చెప్పడం కుదరదు. విచారణ ఎప్పుడు పూర్తవుతుంది? అది కూడా చెప్పడం కుదరదు.

సాయంత్రం బస్టాండులో సత్యవేణి బెంచీ మీద కూలబడింది. నాన్న నేర్పిన అర్జీ భాష అంతా అయిపోయింది. ఎంత మర్యాదగా తలుపు తడితే అంత మర్యాదగా మూసేస్తున్నారు. నాంచారమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుంది. రొయ్యల వాసన ఆ చేతిని వదలదు. ఇద్దరూ బస్సు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

అలా కార్తీకం వచ్చింది. పిచ్చేశ్వరరావుగారు తన షష్టిపూర్తి నిలయంలోనే చేసుకుంటానన్నారు. పిల్లల మధ్య జరుపుకుంటే పుణ్యం, ఫోటోలు కూడా బాగా వస్తాయి. షామియానాలు వేశారు. గుడివాడ నుంచి వంటవాళ్లు వచ్చారు. బంధువులూ పెద్దలూ వచ్చారు. మధుసూదనరావుగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

నిలయంలో దాతల భోజనానికి ఒక పద్ధతి ఉంది. పుట్టినరోజైనా, తద్దినమైనా, పిల్లలు విస్తళ్ల ముందు చేతులు జోడించి నిలబడాలి. దాత "అన్నదాతా" అంటే, పిల్లలు "సుఖీభవ" అని మూడుసార్లు గట్టిగా అనాలి. ఫోటో తీసేదాకా అన్నం ముట్టకూడదు. ఆకలితో ఉన్న పిల్లల గొంతు ఎంత గట్టిగా పలుకుతుందో, అంత తృప్తిగా ఉంటుంది దాతలకి.

విస్తళ్లలో పులిహోర, పూర్ణం బూరెలు, ముద్దపప్పు, నెయ్యి. పూలదండలో మెరిసిపోతున్న పిచ్చేశ్వరరావుగారు చేతులెత్తి అన్నారు.

"అన్నదాతా..."

గాలికి షామియానా అంచు టపటప కొట్టుకుంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏంటమ్మా, మర్చిపోయారా? అన్నదాతా..."

ఒక్క నోరు కూడా లేవలేదు. ఆయన భార్య కంగారుపడి, ఒక బూరె తీసి, అందరికన్నా చిన్నదైన తిరుపతమ్మ నోటికి అందించబోయింది. ఆ పిల్లకి ఆరేళ్లు. బూరె అంటే ప్రాణం. కళ్లు బూరె మీదే ఉన్నాయి, కన్నీళ్లు బుగ్గల మీద కారుతున్నాయి, పెదాలు మాత్రం బిగించేసింది.

సత్యవేణి పరుగున వచ్చింది. ఇదేదీ ఆవిడకి తెలియదు. పిల్లలు ఆవిడకి చెప్పలేదు. "తినండే. మీ కోసం కొట్లాడాల్సింది మేము. మీరు పస్తులుండకూడదు. తినండమ్మా."

పదో తరగతి శ్రావ్య తల తిప్పి ఆవిడ వైపు చూసింది. కోపంగా కాదు, జాలిగా చూసింది. "మీరు కొట్లాడారు కదా మేడమ్. మేము చూశాం." తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. "శ్రీదుర్గని తీసుకురండి. ఎవరింటికీ మమ్మల్ని పనికి పంపనని మాటివ్వండి. అప్పుడంటాం ఆ మాట."

ముందు వరసలో గుసగుసలు లేచాయి. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. పిచ్చేశ్వరరావుగారి గొంతులో తేనె మొదటిసారి విరిగింది.

"ఎవరే నీకు నేర్పింది? అన్నం పెట్టిన చేతినే..."

"మా అమ్మలు మీ షెడ్డులో చేస్తున్నారు. మా నాన్నలు మీ గట్టు మీద ఉంటున్నారు. ఆ అన్నం వాళ్లది," అంది శ్రావ్య.

మధుసూదనరావుగారు లేచి నిలబడ్డారు. "ఈ పిల్ల మిగతావాళ్లని చెడగొడుతోంది. దీన్ని కూడా మార్చాలి. బండి ఉంది, ఇప్పుడే తీసుకెళ్తాను. వెళ్లు, పెట్టె సర్దుకో."

శ్రావ్య మారుమాట లేకుండా లోపలికి వెళ్లింది. ఆమె వెనకే ఒకరి తర్వాత ఒకరు పిల్లలంతా లేచి వెళ్లిపోయారు. పెద్దవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి పడకల గదిలోంచి గరగరమని చప్పుడు మొదలైంది. రేకు పెట్టెలు గచ్చు మీద ఈడుస్తున్న చప్పుడు.

ముందు శ్రావ్య పెట్టెతో బయటికొచ్చింది. ఆ వెనక ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకో పిల్ల. మోయలేని చిన్నపిల్లల పెట్టెల్ని పెద్దపిల్లలు చెరోవైపూ పట్టుకున్నారు. జీపు చుట్టూ పెట్టెలు పెట్టి, వాటి మీద కూర్చున్నారు. జీపు ముందుకీ వెనక్కీ కదలడానికి సందు లేదు.

"మేమందరం చెబుతున్నాం సార్," అంది శ్రావ్య. "ఒకళ్లు చెబితే ఒకళ్లని పంపారు. ఇప్పుడు మా అందర్నీ పంపండి. మీ బండిలో ఎంతమంది పడతారు?"

నెలల తరబడి సత్యవేణికి అందని లెక్క ఈ పిల్లలకి అందింది. వాళ్ల మౌనం భయం అనుకుంది తను. ఆ మౌనంలో వీళ్లు ఒకళ్లనొకళ్లు కూడగట్టుకుంటున్నారని తెలియలేదు.

"సత్యవేణిగారూ!" పిచ్చేశ్వరరావుగారు అరిచారు. "చెప్పండి వాళ్లకి. రెండు తగిలిస్తే వాళ్లే లోపలికి పోతారు. లేకపోతే ఈ పూటతో మీ ఉద్యోగం అయిపోయింది."

అప్పటికే గేటు బయట కలకలంగా ఉంది. విందు గిన్నెలు తోమడానికి పిలిపించి, బయటే కూర్చోబెట్టిన షెడ్డు ఆడవాళ్లు గేటు దగ్గర మూగారు. కబురు విని కృపాకుమారి, నాంచారమ్మ కూడా పరుగెత్తుకొచ్చారు. అది రెండో ఆదివారం కాదు. గేటుకి తాళం ఉంది. తాళంచెవి సత్యవేణి నడుముకి ఉంది.

ఆవిడ గేటు దాకా నడిచింది. ఇన్నేళ్లూ పిల్లల్ని కాపాడుతున్నాననుకుంటూ ఆవిడ తాళం వేసింది తల్లులకి. దొరలకి ఎప్పుడూ తెరిచే ఉంచింది. తాళం తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచేసింది.

తల్లులు లోపలికి వచ్చేశారు. ఎవరి పిల్ల పెట్టె పక్కన వాళ్లు కూర్చున్నారు. నాంచారమ్మ ఒక్కతే నడిమధ్య నిలబడిపోయింది. ఆమె కూర్చోవడానికి అక్కడ పెట్టె లేదు. శ్రావ్య పక్కకి జరిగి, తన పెట్టె మీద సగం చోటు చేసింది.

"ఇది శ్రీదుర్గదనుకో పిన్నీ. కూర్చో."

నాంచారమ్మ కూర్చుని, ఆ పిల్ల భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. కృపాకుమారి మాత్రం ఎవరినీ పలకరించకుండా, తనని గెంటేసిన వంటింట్లోకే తిన్నగా వెళ్లింది. "పిల్లలకి ఆకలేస్తా ఉంటది," అని గుడివాడ వంటవాళ్లని పక్కకి జరగమని, ఎసరు పెట్టింది. ఆ అన్నం పిల్లలు పెట్టెల మీద కూర్చునే తిన్నారు. ఎవరికీ సుఖీభవ చెప్పకుండా తినడం వాళ్లకి అదే మొదటిసారి.

పోలీసులు వచ్చారు. పిల్లల్ని రెచ్చగొట్టిందని, అన్నం తిననివ్వలేదని, బయటివాళ్లని లోపలికి రానిచ్చి పిల్లల భద్రతకి భంగం కలిగించిందని సత్యవేణి మీద ఫిర్యాదు. ఫిర్యాదు చేసింది భద్రతకి ధర్మకర్త అయిన పిచ్చేశ్వరరావుగారే. శామ్యూల్ రాజ్ వచ్చి నినాదమిస్తే తల్లులు అందుకున్నారు. ఈసారి అతని ఉపన్యాసానికి ఎవరూ అడ్డుపడలేదు.

"ముందు మధుసూదనరావుగారి మీద రాయండి," అంది సత్యవేణి ఎస్సైతో. "పిల్ల ఎక్కడుందో తల్లికి చెప్పలేదని రాయండి."

"స్టేషన్లో చెబుదురు గాని, ఎక్కండి మేడం," అన్నాడు ఎస్సై.

ఆవిడకి తెలుసు, స్టేషన్లో కూడా ఎవరూ రాసుకోరు. శ్రీదుర్గ ఏ ఊళ్లో ఉందో, ఆ చెయ్యి మానిందో లేదో, ఆ పిల్ల ఈ పూట ఎవరి ముందు చేతులు జోడించి నిలబడిందో ఇక్కడున్న ఒక్కళ్లకీ తెలియదు. రేపు ఈ తల్లులకి షెడ్డులో పని ఉంటుందో లేదో తెలియదు. తన చేతిలో ఏమీ లేదు. చేతిలో ఉన్న ఒక్క తాళంచెవీ పోలీసులు తీసేసుకున్నారు.

పోలీసు జీపు వైపు నడుస్తుంటే పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. తిరుపతమ్మ పెట్టె మీంచి దూకి, జనం కాళ్ల మధ్యలోంచి దూరి వచ్చి, సత్యవేణి రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. కొంగు వెనక కూడా వెతికింది. తర్వాత వెనక్కి తిరిగి, ఏడుస్తున్న పిల్లలందరికీ వినపడేలా అరిచింది.

"మేడమ్ పెట్టె తీసుకెళ్లట్లేదే! వచ్చేస్తారు!"

పిల్లల ఏడుపు ఒక్కసారిగా ఆగింది. శ్రావ్య తన పెట్టె మూత మీద అరచేత్తో కొట్టింది. పక్క పిల్ల కొట్టింది. తర్వాత నిలయం మొత్తం కొట్టింది. జీపు గేటు దాటి, కరకట్ట ఎక్కి, మలుపు తిరిగేదాకా సత్యవేణికి ఆ రేకుల మోత వినిపిస్తూనే ఉంది.